అమ్మ ఫోటోకి పిన్ని కూర్చున్న రోజు

ఫోటో అంటే ఊపిరి బిగబట్టి కొయ్యల్లా నిలబడడమేనని మా పిల్లలకు ఎవరు నేర్పారో గాని, ఆ అలవాటు మాన్పించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. కెమెరా చేతిలోకి తీసుకున్నానంటే చాలు, అప్పటిదాకా కాకుల్లా గోల చేస్తున్న ఆడపిల్లలందరూ జడలు ముందుకేసుకుని, చేతులు ఒంటికి అతికించుకుని, శిక్ష పడ్డవాళ్లలా నిలబడిపోయేవారు. కదలమంటే కదిలేవారు కాదు. నవ్వమంటే ఏడుపుముఖం పెట్టేవారు. "మీ ఇళ్లల్లో కూడా ఇలాగే ఉంటారటే?" అని అరిచేదాన్ని. నాకు కోపం ముక్కుమీదే ఉండేది. ఇప్పటికీ అక్కడే ఉంది.

అరవైల చివరి మాట ఇది. శ్రీకాకుళంలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో తెలుగూ డ్రాయింగూ చెప్పేదాన్ని. మా నాన్న మిషన్ ఆస్పత్రిలో కాంపౌండరుగా పనిచేశారు. తన దేశం వెళ్లిపోతూ అక్కడి దొరసాని ఒకావిడ ఆయనకిచ్చిన డబ్బా కెమెరా, ఆయన పోయాక నా చేతికొచ్చింది. పైనున్న చిన్న అద్దంలోకి తల వంచి చూసుకుని మీట నొక్కాలి. ఎండ ఉంటేనే పనిచేసేది. మరీ దగ్గరికి వెళ్తే బొమ్మ అలుక్కుపోయేది.

వ్యాసం రాయమంటే క్లాసు క్లాసంతా ఒకటే వ్యాసం రాసేది, గైడులో ఉన్నది. ఒక్క పిల్లా తన ఇంటి సంగతి, తన ఊరి సంగతి రాసేది కాదు. ఒకరోజు విసుగెత్తి, "రాయొద్దు, చేసి చూపించండి, ఫోటో తీస్తాను" అన్నాను. అలా మొదలైంది. కథ వాళ్లే అనుకోవాలి, వేషాలు వాళ్లే వెయ్యాలి, ఎవరెక్కడ నిలబడాలో వాళ్లే తేల్చుకోవాలి. ఫిలిం ఖరీదు కాబట్టి కథకు మూడు బొమ్మలకు మించి ఇచ్చేదాన్ని కాదు. ప్రింట్లు వచ్చాక వాటిని అట్టమీద అంటించి, కింద ఎవరి మాటల్లో వాళ్లు రాయాలి. పెద్ద టీచరమ్మగారు దీన్ని డబ్బు దండగ అన్నారు. నా జీతం నా ఇష్టం అన్నాను.

మొదటి కథ, కోడలు నీళ్లకుండ పగలగొట్టడం. తెచ్చింది ఒకే ఒక్క కుండ. నేనింకా అద్దంలోకి చూస్తూనే ఉన్నాను, కోడలు వేషం వేసిన పిల్ల కుండను ఢామ్మని కింద పడేసింది. అత్త వేషం వేసిన పిల్ల నిజంగానే తిట్టడం మొదలుపెట్టింది. నేను ఇద్దరినీ తిట్టాను. ఇక చేసేదేం లేక, పెంకుల దగ్గర ఆ పిల్లను వంగి చూస్తూ నిలబడమని అదే తీశాను. ప్రింటు చూస్తే కుండ పగలడం కన్నా అదే బాగుంది. అప్పట్నుంచి మా క్లాసుకు ఒక పద్ధతి ఏర్పడింది. జరగబోయేముందు ఒక బొమ్మ, జరిగిపోయాక ఒక బొమ్మ. మధ్యలో ఏం జరిగిందో చూసేవాళ్లే కట్టుకోవాలి. ఎవ్వరూ కెమెరా వంక చూడకూడదు. చేతిలో ఏదో ఒక పని ఉండాలి. ఏడుపు అసలే ఉండకూడదు. మా పిల్లలకు ఏడుపు నటించడమంటే మహా ఇష్టం, అందుకే ఆ చివరి షరతు.

ఒక్క విషయంలో మాత్రం నా మాట సాగలేదు. ఫోటోలో చచ్చిపోయినట్టు పడుకోమన్నా, విధవ వేషం వెయ్యమన్నా ఒక్కతీ ముందుకొచ్చేది కాదు. "ఫోటోలో బొట్టు తీసీస్తే నిజంగానే పోద్ది టీచరమ్మా" అనేవారు. ఒకర్తె మరీ తెగించి, "మీరే కూకోండి, మీకెలాగా బొట్టు నేదు కదా" అంది. మాది బాప్టిస్టు సంఘం, మా ఇళ్లల్లో బొట్టు పెట్టుకోరు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. నవ్వి, చదువుకునే పిల్లలకు ఇదేం పిచ్చి అని ఓ పావుగంట ఉపన్యాసం దంచాను. వాళ్లు బుద్ధిగా విన్నారు. ఒక్కరూ మారలేదు.

ఆ క్లాసులో నరసన్నపేట వైపు ఊరినుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల ఒకతె ఉండేది. తండ్రికి కొద్దిపాటి వరిపొలం. తల్లి ముందటి ఫాల్గుణంలో పచ్చకామెర్లతో పోయింది. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ లేరు. తల్లి చెల్లెల్ని ఆమదాలవలసలో ఇచ్చారు. ఆవిడే వారానికోసారి వచ్చి, రెండ్రోజులుండి, ఇల్లు సర్దిపెట్టి, ఈ పిల్లకు తలంటి, జడలేసి వెళ్లేది. పిన్ని వచ్చి వెళ్లిన సంగతి ఆ పిల్ల జడలు చూస్తే తెలిసిపోయేది.

ఆ పిల్ల ఎవరి కథలోనూ వేషం వెయ్యలేదు. సామాన్లు మొయ్యడం, ఎండ ఎటునుంచి వస్తోందో చూడడం, అంతే. ఒకరోజు అందరూ వెళ్లాక నా బల్ల దగ్గర నిలబడింది.

"టీచరమ్మా, కథలో ఉన్నోలు నిజంగా ఉండక్కర్నేదు కదా?"

"అక్కర్లేదు. ఏం?"

"అయితే మాయమ్మని పెట్టొచ్చా?"

నాకు అర్థం కాలేదు. కూర్చోబెట్టి అడిగితే మెల్లగా చెప్పింది. వాళ్లమ్మ ఫోటో ఒక్కటీ లేదు. పెళ్లిలో తీయించలేదు, తర్వాత తీయించుకోలేదు. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని భయపడేదట. తియ్యకుండానే తగ్గింది మరి! ఆ పిల్ల రోజూ పడుకునేముందు కళ్లు మూసుకుని అమ్మ ముఖం తలుచుకుంటుంది. "కొన్నాళ్లు గబుక్కున వచ్చీది. ఇప్పుడు ఒకో రోజు వస్తాది, ఒకో రోజు ఎంతకీ రాదు. చెయ్యి కనిపిస్తాది, చీర కనిపిస్తాది. మొకం రాదు. పూర్తిగా రాకుండా పోతే నానేటి సేసీది టీచరమ్మా? ఇంకెక్కడా నేదు మాయమ్మ."

పిన్నికి అమ్మ పోలికలే. పిన్నికి అమ్మ చీర కట్టి, అమ్మలాగే కూర్చోబెడితే, ముఖం పూర్తిగా పోకముందే ఫోటోలో దాచుకోవచ్చు. ఇదీ ఆ పిల్ల ఆలోచన. క్లాసులో ఇన్నాళ్లూ నేను మొత్తుకున్నది అర్థమైంది ఈ పిల్లకొక్కదానికే అనిపించింది. సరేనన్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లాను. పిన్ని అప్పటికే నీలం నేతచీర కట్టుకుని అరుగుమీద కూర్చుని సిగ్గుపడుతోంది. పాతికేళ్లు కూడా ఉండవు. నవ్వు ఆగని మనిషి. అక్క సంగతి ఎత్తి, "మాయప్ప ఇలగ నవ్వీది కాదండి, దానికి కోపవెక్కువ. నాకు నవ్వు ఆగదు, నానేటి సెయ్యను?" అని మళ్లీ నవ్వింది.

నేను మీట నొక్కడానికే గాని, ఆ రోజు పంతులమ్మ ఆ పిల్లే. ముడి ఇంకొంచెం కిందికి వెయ్యమంది. ఒక కాలు ముడుచుకుని ఒకటి చాపమంది. ఒళ్లో చేట పెట్టి, బియ్యంలో రాళ్లు ఏరమంది. "అలగ కాదు పిన్నీ. అమ్మ రాయి తీసీసి పారీదు, పక్కన ఎట్టుకునీది. అన్నీ అయ్యాక ఒక్కసారే పారీసీది" అంది. పిన్ని చేతిమీద పచ్చబొట్టు ఉంది, వాళ్లమ్మ చేతికి లేదట. కొంగు లాగి కప్పింది. వెనక్కొచ్చి నా పక్కన నిలబడి చూసింది. మళ్లీ వెళ్లి పిన్ని గడ్డం పట్టుకుని ముఖం కాస్త పక్కకు తిప్పింది. పిన్ని నవ్వు అప్పటికి ఆగిపోయింది. అక్కలాగా కూర్చుంటూ కూర్చుంటూ ఆవిడకే ఏదో బరువైనట్టుంది.

సరిగ్గా అప్పుడే పొలంనుంచి తండ్రి వచ్చాడు. వాకిట్లోకి అడుగుపెట్టి అరుగువంక చూసి ఆగిపోయాడు. భుజం మీది తువ్వాలు జారి కింద పడినా తీసుకోలేదు. పిన్ని తలెత్తి ఆయన వైపు చూసింది. కొంగు తొలిగింది. "అదే! అదే అమ్మ! కదలకు పిన్నీ!" అని పిల్ల అరిచింది. నేను మీట నొక్కేశాను. కళ్లెత్తి చూసేసరికి ఆ మనిషి లేడు, వచ్చిన దారినే పొలానికి వెళ్లిపోయాడు.

రెండో బొమ్మ, తల్లి కూతురికి జడ వేస్తున్నట్టు. మూడో బొమ్మలో మనుషులు లేరు. అరుగుమీద చేట, పక్కన ఏరిపెట్టిన రాళ్లు, అంతే. అది ఆ పిల్ల సొంత ఆలోచన. ఏడుపు ఎక్కడా లేదు. అట్టమీద అంటించి బడిలో పెట్టిన రోజు, డబ్బు దండగన్న పెద్ద టీచరమ్మగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నేను ఆ పిల్లను నలుగురిలో మెచ్చుకున్నాను. మెచ్చుకోవడం నాకు అలవాటు లేదు కాబట్టి పిల్లలంతా వింతగా చూశారు.

ఫాల్గుణంలో వాళ్లమ్మ సంవత్సరీకానికి తండ్రి నన్ను కూడా పిలిచాడు. వెళ్లేసరికి భోజనాల వేళయింది. గోడకు పెద్ద ఫోటో, అద్దం, చెక్కఫ్రేము. పిల్ల ఇంటికి తెచ్చుకున్న మొదటి బొమ్మను తండ్రి స్టూడియోకి పట్టుకెళ్లి పెద్దది చేయించాడు. పెద్దది చేసేసరికి ముఖం కాస్త అలికినట్టయింది, దానిమీద స్టూడియో అతను పెన్సిలుతో కళ్లూ పెదవులూ దిద్దాడు. అద్దంమీద కుంకుమబొట్టు పెట్టారు. బంతిపూల దండ వేశారు. కింద దీపం వెలుగుతోంది. వచ్చిన బంధువులు ఒక్కొక్కరే దాని ముందు నిలబడి ముక్కులు చీదుకుంటున్నారు. "అచ్చం అదేనమ్మా, మాటాడతాదేమో అన్నట్టున్నాది" అంటోంది ఒక ముసలమ్మ.

మా ఇళ్లల్లో ఫోటోలకు దండలు వెయ్యరు. మనిషి పోతే శవపెట్టె చుట్టూ అందరం నిలబడి ఒక ఫోటో తీయించుకుంటాం, దాన్ని బీరువాలో పెడతాం. అయినా ఈ గడ్డమీద పుట్టినదాన్ని, దండ వేసిన ఫోటో అంటే ఏమిటో నాకు తెలియదా! తండ్రిని పక్కకు పిలిచి, "ఇది మీ మరదలు కదయ్యా" అన్నాను.

ఆయన ఫోటో వైపు తిరిగాడు. "మొకం మరదలిదేనమ్మా. ఆ కూకోడం మటుకు మా ఇంటిదానిదే. నాకు అదే అగుపిస్తన్నాది" అన్నాడు.

పిన్ని వంటింట్లో వడ్డనకు సాయం చేస్తోంది. పొద్దుటే వచ్చినా వంటపనిలో పడి ఆ ఫోటో ఉన్న గదిలోకి అడుగుపెట్టలేదని తర్వాత తెలిసింది. ఆవిడ అత్తగారు ఆమదాలవలసనుంచి ఆలస్యంగా వచ్చింది, గట్టి మనిషి, మొగుడు పోయాక ఒంటిచేత్తో సంసారం లాక్కొచ్చిన మనిషి. అందరిలాగే దండం పెట్టుకోవడానికి ఫోటో ముందుకెళ్లింది. దండం పెట్టబోయిన చేతులు మధ్యలోనే ఆగాయి. ముఖం చూసి కాదు, చేట పట్టుకున్న చెయ్యి చూసి. పచ్చబొట్టు అద్దంలోంచి తేటగా కనబడుతోంది.

"ఇది మా కోడలు సెయ్యి కదేటి?" అంది.

ఆవిడ గొంతు పెరిగింది. "ఓలమ్మా! బతికున్న గుంటకి దండేసీసినారు! దీపవెట్టీసినారు! ఏటి బావూ, నీ పెళ్లాం సచ్చిపోతే నా కోడల్ని కూడా పంపించీడానికేటి?" అని అరిచి, ఆ దండ పట్టుకుని లాగేసింది. బంతిపూలు గదంతా పడ్డాయి. వంటింట్లోంచి పిన్ని పరుగెత్తుకొచ్చి, గోడమీద తన బొమ్మ చూసి, గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. పెద్దావిడ కోడలి చెయ్యి పట్టుకుని, విస్తళ్లలో అన్నం వడ్డించి ఉండగానే, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

ఆ బొమ్మ గోడమీద ఉన్నంతకాలం మా కోడలు ఆ ఇంటి గడప తొక్కదని మర్నాడు కబురొచ్చింది. తండ్రి మొండికేశాడు. "తీసీస్తే దాన్ని రెండోసారి పంపించీసినట్టే" అన్నాడు. మధ్యలో నలిగింది పిల్ల. వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. ఆ పిల్ల తన జడలు తనే వంకరటింకరగా వేసుకుని బడికొచ్చేది.

నేను ఊరుకునేదాన్ని కాదు కదా. ఆమదాలవలస వెళ్లి ఆ అత్తగారి వాకిట్లో కూర్చున్నాను. ఫోటో ఒట్టి కాగితం అని చెప్పాను. దండ వేసినంత మాత్రాన ఎవరికీ ఏమీ కాదని చెప్పాను. నా క్లాసు పిల్లలకు దంచిన ఉపన్యాసం అంతా ఆవిడ ముందూ దంచాను. ఆవిడ మంచినీళ్లిచ్చి, నేను అలసిపోయేదాకా ఆగి, నెమ్మదిగా అడిగింది.

"అమ్మా, నివ్వు సదువుకున్నదానివి. నీ బొమ్మకి దండేసి, దీపవెట్టి, ఊరోలందర్నీ పిలిసి దినం భోజనం ఎడతాం. ఆ బంతిలో నివ్వు కూకుని తింటావేటి?"

నాకు చెడ్డ కోపమొచ్చింది. తింటాను అనాలని నోరు తెరిచాను. అనలేకపోయాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నామీద నాకే చిరాకు. తలుపు వెనక పిన్ని నిలబడి ఉంది. అప్పట్లో ఆవిడకు జ్వరం తగిలి వదిలింది. అందరికీ వచ్చే జ్వరమే, కాని ఆ ఇంట్లో ఇక ఆవిడ తుమ్మినా ఆ ఫోటో లెక్కలోకే వెళ్తుంది. ముఖం పీక్కుపోయి ఉంది. నేను లేస్తుంటే గుమ్మం దాకా వచ్చి, అత్తగారికి వినబడకుండా, "గుంట జడలేసుకుంటందాండి?" అని పిల్ల సంగతి మాత్రం అడిగింది.

ఆ మాట మర్నాడు పిల్లకు చెప్పాను. విని తల ఊపింది. ఆ సాయంత్రమే తండ్రి చూస్తుండగా స్టూలెక్కి ఫోటో దింపేసిందట. తండ్రి అడ్డం రాలేదు, గోడవైపు తిరిగి పడుకున్నాడట. ఫోటోని అమ్మ నీలం చీరలోనే చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని బడికి తెచ్చింది. చీర తీసుకుని ఫోటో నా బల్లమీద పెట్టింది.

"మీరే ఉంచీండి టీచరమ్మా."

పిన్ని ఆ వారమే వచ్చింది. మళ్లీ తలంటింది, మళ్లీ జడలు వేసింది. రిబ్బన్లు బిగించి కట్టిన ఆ రెండు జడలు చూసి, నాకు కొండంత బరువు దిగినట్టయింది. పోయిన తల్లి ఫోటో పోయినా బతికున్న పిన్ని దక్కిందని సంతోషించాను. నిజం చెప్తున్నాను, చాలా సంతోషించాను. పరీక్షలకు ముందు ఒకరోజు ఆ పిల్లను పిలిచి, ఫోటో నా దగ్గర భద్రంగా ఉంది, చూడాలనిపించినప్పుడల్లా వచ్చి చూసుకో, నీకు అమ్మ ముఖం ఇక మరిచిపోయే భయం లేదు కదా అన్నాను. ధైర్యం చెప్పాననుకున్నాను.

ఆ పిల్ల నా ముందు నిలబడే కళ్లు మూసుకుంది. కాసేపు అలాగే ఉండి తెరిచింది. ఏడవలేదు.

"మునుపు అమ్మ మొకం ఒకో రోజు వచ్చీది, ఒకో రోజు వచ్చీది కాదు. ఇప్పుడు రోజూ వస్తాది టీచరమ్మా. కళ్లు ముయ్యగానే వచ్చీస్తాది. ఆ చీర, ఆ చేట, అలగే కూకుని ఉంటాది" అంది. "అయితే అది పిన్ని. మాయమ్మ మరి రాదు."